పాత ఇంగ్లిష్ కాటేజీ దూలాల మీది నల్లరంగు తీయించాలా, ఉంచాలా?

హెరిఫోర్డ్‌అద్దెఇల్లు: మేం హెరిఫోర్డ్‌షైర్‌లో ఉంటున్నది ఓక్ దూలాల చట్రం మీద కట్టిన పాత కాటేజీ, తెల్ల గోడల మధ్య నల్లటి కర్రలు. ఇంటి ఓనర్ ఆ నలుపంతా ఇసుక జెట్‌తో కొట్టించి ‘ఒరిజినల్’ కర్ర బయటికి తెస్తానంటున్నాడు. మంచి పనేనా?

వార్విక్‌వాసి: మంచి పనే. పూర్వం ఓక్‌కి రంగు వేయకుండా వదిలేసేవాళ్లు, ఎండకీ వానకీ అదే వెండిలా బూడిద రంగుకి తిరిగేది. ఈ నలుపు చాలాచోట్ల విక్టోరియా కాలపు ఫ్యాషన్. చెషైర్‌లో లిటిల్ మోర్టన్ హాల్ అని ఇలాంటి దూలాల చట్రంతోనే కట్టిన పాత భవంతి ఉంది కదా, ఫొటోల్లో మనం మురిసిపోయే ఆ నలుపు తెలుపు కూడా తర్వాత వేసిందే, మొదట్లో కర్ర వెండిరంగు, మధ్య గోడలు పసుపు మట్టి రంగు. ఒక్కసారి ఊహించుకోండి ఎలా ఉండేదో!

పాతగోడలు: రంగు సంగతి మీరు చెప్పింది కరెక్టే, కానీ ఇసుక మాత్రం వద్దండి, దయచేసి. ఇసుక నలుపు దగ్గర ఆగదు, కర్రలో మెత్తటి భాగాన్ని తినేస్తుంది, బాడిసెతో చెక్కిన గుర్తులన్నీ పోతాయి. 1877లో డిజైనర్ విలియం మోరిస్, ఆర్కిటెక్ట్ ఫిలిప్ వెబ్ పాత కట్టడాల రక్షణకి సంఘం పెట్టిందే, అసలు రూపం తెస్తామంటూ చర్చిల పాత పూతలు గీకేస్తున్నవాళ్లని ఆపడానికి. 1896లో నేషనల్ ట్రస్ట్ (పాత కట్టడాల్ని కొని కాపాడే సంస్థ) కొన్న మొట్టమొదటి భవనం, ససెక్స్‌లోని ఆల్ఫ్రిస్టన్ క్లర్జీ హౌస్, 10 పౌండ్లకి కొన్నది, 14వ శతాబ్దపు గడ్డికప్పు ఇల్లు, అది నిలబడింది కూడా ఆ సంఘం పట్టించుకోబట్టే.

ఇంకో మాట. మీరు భయపడాల్సింది నలుపు గురించి కాదు, సిమెంట్ గురించి. ఆ కర్రల మధ్య గోడ తడిక అల్లి, మట్టీ గడ్డీ పేడా కలిపి మెత్తి, పైన సున్నం కొట్టింది, మన పల్లెల్లో తడిక గోడ కట్టినట్టే. తడిసినా ఆరిపోతుంది. దాని మీద ఎవరైనా సిమెంట్ పూసి ఉంటే, కర్రకీ దానికీ మధ్య సన్నటి సందులోంచి నీళ్లు దిగి, బయటికి రాలేక అడుగు దూలం పుచ్చిపోతుంది. స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి, మెత్తగా దిగితే ముందు దాని సంగతి చూసుకోవాలి.

హెరిఫోర్డ్‌అద్దెఇల్లు: ఇప్పుడే చూసొచ్చా. అడుగు దూలం గట్టిగానే ఉంది కానీ తలుపు పక్కన నలుపు పెచ్చు ఊడినచోట ఉలితో గీసినట్టు నాలుగు నిలువు గీతలు పక్కపక్కనే ఉన్నాయి, పై కర్ర మీదా అవే నాలుగు. ఏమిటవి?

పాతగోడలు: వడ్రంగి వేసిన నంబరండీ! నాలుగు. పచ్చి ఓక్‌ని కోసి, చట్రాన్ని ముందు నేల మీద పరిచి బిగించి చూసుకుని, ఏ కర్ర ఏ కర్రలో దిగాలో నంబర్లేసి, విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టేవాళ్లు. పచ్చి కర్ర ఆరేకొద్దీ అతుకులు ఇంకా బిగుస్తాయి. ఆ గీతలు ఇసుకకి పోతే మళ్లీ రావు.

వార్విక్‌వాసి: సరే, ఇసుక వద్దనే నేనూ అంటాను. కానీ కొత్తగా నల్లరంగు కూడా వేయకండి, పెచ్చులూడేకొద్దీ దాన్నలా వదిలేస్తే వెండిరంగు తనంతట తనే వస్తుంది. ఇల్లు లిస్టెడ్ అయితే, అంటే ప్రభుత్వం కాపాడాల్సిన పాత కట్టడాల జాబితాలో ఉంటే, కౌన్సిల్ అనుమతి లేకుండా ఇలాంటి పని చేయడం నేరం, అది కూడా ఓనర్‌కి చెప్పండి.

హెరిఫోర్డ్‌అద్దెఇల్లు: లిస్టెడే. శనివారం ఆయన వస్తున్నాడు, ముందు ఆ నాలుగు గీతల దగ్గరికి తీసుకెళ్తా.