వేసవిలో తిప్పాలా, దసరా దాకా ఆగాలా? హైదరాబాద్ నుంచి పిల్లలతో చిన్న ప్రయాణాలు

మల్కాజిగిరి వాసి:

మా అపార్ట్‌మెంట్‌లో ఈ వారమంతా దీని మీదే వాదన. పిల్లల్ని బయటికి తీసుకెళ్లడానికి ఏడాదికి ఇంత అని పక్కన పెట్టుకుంటాం కదా, ఆ డబ్బు ఎప్పుడు ఖర్చు పెట్టాలి? ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 11 దాకా ఉండే ఎండాకాలం సెలవుల్లోనా, ఆగస్టు నుంచి దసరా సెలవుల దాకా వచ్చే ఆదివారాల్లోనూ పండగ రోజుల్లోనా? మావాళ్లలో ఎక్కువమంది వేసవే అన్నారు. నేను ఆగమంటాను.

నేను మాట్లాడేది ఊటీ, కొడైకెనాల్ గురించి కాదు. పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరే చోట్లు, మహా అయితే ఒక రాత్రి ఉండి వచ్చేవి. మన చుట్టుపక్కల అలాంటి వాటిలో చాలావరకు నీళ్లను నమ్ముకున్నవే. నాగార్జునసాగర్ దాదాపు 150 కిలోమీటర్లు. మే నెలలో వెళితే 26 గేట్లూ మూసి ఉంటాయి, కింద బండలు సెగలు కక్కుతుంటాయి. శ్రీశైలం నిండి కిందికి నీళ్లు వదిలాక చూడాలి సాగర్‌ను. 2024లో ఆగస్టు మొదటి వారంలో గేట్లెత్తారు, 2025లో జులై ఆఖరుకే ఎత్తేశారు. ఆ రోజుల్లో వెళితే తుంపర మొహాన కొడుతుంది, పక్కనున్న మనిషి మాట వినపడదు. పది పన్నెండు కిలోమీటర్ల అవతల ఎత్తిపోతల కూడా అప్పుడే నిండుగా దూకుతుంది. కుంటాల, బొగత జలపాతాల సంగతీ అంతే. అనంతగిరి అడవి ఏప్రిల్‌లో ఆకు రాల్చేసి ఉంటుంది, మూసీ పుట్టింది ఈ కొండల్లోనే అని చెబితే పిల్లలు నమ్మరు.

నీళ్లతో పనిలేని రామప్ప గుడినే తీసుకోండి. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక పిల్లలకు చూపించాలని అందరికీ ఉంది. చెప్పులు బయట విడవాలి. మే నెల మిట్టమధ్యాహ్నం ఆ రాతి పరుపు మీద మా చిన్నది నాలుగడుగులు వేసి ఎత్తుకోమని ఏడ్చింది. ఇంకేం చూస్తాం? నీడ ఎక్కడుందా అని పరుగు తీశాం. తర్వాత ఒక అక్టోబర్లో వెళ్లినప్పుడు అదే పిల్ల ఎత్తు మడమల చెప్పులు వేసుకున్న మదనిక శిల్పం కింద నిలబడి, మెడ నొప్పి పుట్టేదాకా చూసింది. కదలమన్నా కదల్లేదు.

జనగామ ఆడబిడ్డ:

అన్నా, మీరు చెప్పిన జాగలు మంచిగనే ఉన్నయి గాని దసరా సెలవులు ఎందుకిస్తరో మర్చిపోతే ఎట్ల? ఎంగిలిపూల నాడు మొదలైతె సద్దుల దాకా తొమ్మిది రోజుల బతుకమ్మ పండుగ. మేము ఉప్పల్‌ల ఉంటం. నా బిడ్డకు ఈడ తంగేడు చెట్టు యాడ చూపియ్యాలె? జనగామ అవతల మా ఊళ్లె పొద్దుగాల్నే పిల్లలందరు చెలకల పొంటి పోయి గునుగు, తంగేడు తెంపుకొస్తరు. గునుగుకు రంగులద్ది ఆరబెడ్తరు. తాంబాళంల ఆకు పరిచి, వరుస మీద వరుస ఒరగకుండ పేర్చుడు మా అత్త నేర్పిస్తది. నా బిడ్డకు మొదటి మూడు వరుసలు సక్కగ వస్తయి, ఆ పైన ఒక దిక్కు ఒరుగుతది, అత్త మళ్ల విప్పి పేర్పిస్తది. గిది ఏ రిసార్టుల దొరుకుతది?

2025ల సెప్టెంబర్ 21 నుంచి అక్టోబర్ 3 దాకా ఇచ్చిన్రు సెలవులు. అండ్లనే సాగర్ అని, కుంటాల అని తిరిగితె ఊరికి పోయేదెప్పుడు? సద్దులకు ముందటి రోజు ఉప్పల్ రింగురోడ్డు కాడ వరంగల్ బస్సుల కోసం నిలబడ్డ జనాన్ని చూడుండ్రి. వాళ్లంతా ఊరికే పోతున్నరు. ట్రిప్పులు ఎండకాలంల పెట్టుకోండ్రి, దసరాను ఊరికి ఇడిసిపెట్టుండ్రి.

బస్సు కిటికీ:

నేనూ వేసవి పక్షమే, కానీ నా కారణం వేరు. మాకు కారు లేదు. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం వచ్చాక నాకు, మా అమ్మాయికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్. మావారికి ఫుల్లు, బాబుకి హాఫ్ తీసుకుంటే చాలు. అందుకని మేం తిరిగేది ఎక్కువే. మా అనుభవంలో ఎండాకాలాన్ని పాడుచేసేది మనం బయల్దేరే వేళ. పదకొండింటికి తీరిగ్గా బయల్దేరి, పన్నెండున్నరకు గోల్కొండ మెట్లెక్కితే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. గేటు తీయగానే లోపలికి వెళ్లిపోవాలి. ఫతే దర్వాజా దగ్గర ఒకరు చప్పట్లు కొట్టి, ఇంకొకరు పైన బాలా హిస్సార్‌లో వింటామని పిల్లలు పంతం పడితే, ఎండ ముదిరే లోపు ఆ ముచ్చటా తీరుతుంది.

మధ్యాహ్నానికి నీడపట్టున ఉండే చోట్లు మన ఊళ్లో తక్కువా? సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది, శుక్రవారం తప్ప. సంగీత గడియారం ముందు గంట కొట్టే వేళకి జనం ఎలా కూర్చుంటారో చూశారా? చిన్న తలుపు తెరుచుకుని గడ్డం మనిషి బయటికొచ్చి గంట కొడతాడు. మావాడు పన్నెండు గంటలప్పుడు చూసి, వేళ్ల మీద లెక్కపెట్టి, ఒంటిగంటకు ఒక్కటే కొడతాడా అని అడిగి, అది తేల్చుకోవడానికి ఇంకో గంట అక్కడే ఉంచాడు మమ్మల్ని. ముసుగు రెబెకా బొమ్మ దగ్గర మా అమ్మాయి, రాయిలోంచి మొహం ఎలా కనపడుతుందని వదలకుండా అడిగింది. పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. ఇవన్నీ చూడ్డానికి ఒక ఆదివారం చాలదు, సెలవులే కావాలి. సాయంత్రం తాటిముంజలు కొనుక్కుని ఇంటికొస్తాం. వేసవిలో ఇంట్లో కూర్చోమంటే పిల్లలు ఫోను పట్టుకుని కూర్చుంటారు, అంతే.

రాళ్లూ రప్పలూ:

వానాకాలం ప్రయాణాలు చేసేవాణ్ణి కాబట్టి మల్కాజిగిరి వాసి గారి వాదన నాకు ఇష్టమే. అయినా ఒక మాట చెప్పకుండా ఉండలేను. జలపాతాలు నిండుగా ఉండే రోజులే ప్రమాదం కూడా నిండుగా ఉండే రోజులు. పైన ఎక్కడో అడవిలో వాన పడితే, మన నెత్తిన చుక్క పడకుండానే వరద వచ్చేస్తుంది. నాచు పట్టిన బండ మీద పెద్దవాళ్ల కాలే నిలవదు, పిల్లల సంగతి చెప్పాలా? కుంటాలలో, బొగతలో నీళ్లలోకి దిగొద్దని బోర్డులు పెట్టి, మనుషుల్ని కాపలా పెట్టినా, సెల్ఫీల కోసం తాళ్లు దాటేవాళ్లను నేను చూశాను. చంకలో పసిపిల్లతో దాటినవాళ్లనూ చూశాను. అప్పటి నుంచి ఈ విషయంలో మెత్తగా మాట్లాడటం మానేశాను.

ఏడుపాయల వెళ్తామని మొన్న ఎవరో అడిగారు. సింగూరు నుంచి నీళ్లు వదిలితే మంజీర పాయలు పొంగి వనదుర్గమ్మ గుడిలోకే నీళ్లొస్తాయి, దర్శనం ఆపేస్తారు. బయల్దేరే ముందు వార్తలు చూసుకోండి. శ్రీశైలం దారిలో అమ్రాబాద్ అడవి గుండా రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను వదలరు, అదీ లెక్కలో పెట్టుకోవాలి. సఫారీ కోసమైతే జులై నుంచి సెప్టెంబర్ దాకా వెళ్లనే వద్దు, పులుల అడవి ఆ మూడు నెలలూ మూసి ఉంటుంది. కాబట్టి ఆగస్టు అన్నిటికీ మంచిదని గంపగుత్తగా చెప్పకండి. నన్నడిగితే అక్టోబర్ రెండోవారం తర్వాతే. వాగులు నెమ్మదిస్తాయి, పచ్చదనం ఇంకా పోదు.

అనంతగిరి గురించి ఇంకో సంగతి. వాన పడిన మర్నాడు ఆదివారమైతే చేవెళ్ల దారంతా కార్లే. ఆ రోడ్డుకి రెండువైపులా ఉన్న పాత మర్రిచెట్ల కింద ట్రాఫిక్‌లో గంటలు గడుస్తాయి. లింగంపల్లిలో రైలెక్కి వికారాబాద్‌లో దిగి ఆటో మాట్లాడుకుంటే హాయి.

నైట్ డ్యూటీ:

నేను ఆసుపత్రిలో పనిచేస్తాను. ఇక్కడ అందరూ సెలవులు దొరుకుతాయన్న ధైర్యంతో మాట్లాడుతున్నారు. మాలాంటి వాళ్లకు రోస్టర్‌లో ఏ రోజు ఖాళీ పడితే అదే పండగ, అదే వేసవి. మా పాపకు ఆ రోజు బడి ఉంటే మానిపిస్తాను, దాచడం దేనికి? మెదక్ వెళ్లొచ్చాం. చర్చి చూసి, పోచారం చెరువు గట్టు మీద అన్నాలు తిని వచ్చేశాం. కరువు రోజుల్లో జనానికి పని దొరకాలని మొదలుపెట్టి 1924లో పూర్తి చేసిన చర్చి అది. పని కోసం రాళ్లు మోసినవాళ్లు ఎంత మంది, వాళ్లకు అన్నం ఎవరు పెట్టారు అని పాప దారంతా అడిగింది. ఏ నెలలో వెళ్లామన్నది మాకు పట్టలేదు.

సైనిక్‌పురి అమ్మమ్మ:

పిల్లలూ, మీరంతా మీ పిల్లల గురించే చెబుతున్నారు. వెనక సీట్లో మేమూ ఉంటాం. మా మోకాళ్లకు గోల్కొండ మెట్లూ ఒకటే, తడిసిన బండలూ ఒకటే. ఎండకు బీపీ మాత్ర వేసుకుని కూర్చునేది మేమే, దారిలో బాత్రూం ఎక్కడుందా అని నోరు తెరిచి అడగలేక మంచినీళ్లు తాగడం మానేసేదీ మేమే. ప్రయాణం అనుకున్నప్పుడు ముందు అది చూడండి. ఆడవాళ్లు వెళ్లగలిగిన బాత్రూం ఉన్న బంకు ఏ దారిలో ఉందో మీ ఫోనుల్లో రాసి పెట్టుకోండి.

నా ఓటు దసరాకీ కాదు, వేసవికీ కాదు. కార్తీకంలో వనభోజనాలకు తీసుకెళ్లండి. ఉసిరిచెట్టు కింద చాప పరుచుకుని పులిహోర తినడానికి కొండలెక్కక్కర్లేదు. ఎండ చల్లబడుతుంది, పురుగూ పుట్రా తగ్గుతాయి. మహబూబ్‌నగర్ వైపు వెళితే దసరా దాటాక కూడా రోడ్డు పక్కన గంపల్లో సీతాఫలాలు దొరుకుతాయి. బాలానగర్ పండ్లంటే ఆ పక్కవే. అటే పిల్లలమర్రి. ఏడొందల ఏళ్ల చెట్టంటారు, ఊడలు దిగి ఎకరాల మేర పాకింది. చెదలు పట్టి ఒకప్పుడు పడిపోబోతే సెలైన్ సీసాలు కట్టి మందెక్కించి బతికించారు. నడక తక్కువ, నీడ ఎక్కువ. మాలాంటి వాళ్లం బెంచీ మీద కూర్చుంటే మీరు తిరిగి రావచ్చు.

మల్కాజిగిరి వాసి:

అమ్మా, బాత్రూం మాట మా అమ్మ కూడా ఇంతవరకు పైకి అనలేదు. ఈసారి దారి ఖాయం చేసే ముందు ఆమెతోనే కూర్చుని చూస్తాను. కార్తీకం కూడా నా లెక్కలోకే వస్తుంది, నేను ఎండ దిగేదాకా ఆగమన్నాను గాని దసరాతో ఆపేయమనలేదు.

బస్సు కిటికీ గారూ, వేళ చూసుకుని వెళ్లాలన్నది ఊళ్లో తిరిగేంతవరకు నిజం. గోల్కొండ గంట ప్రయాణం. సాగర్‌కు ఎంత పొద్దున లేచినా చేరేసరికి పదవుతుంది, ఆ పైన రోజంతా ఎండలోనే గదా. కాబట్టి ఊళ్లోవి వేసవికి, ఊరు దాటేవి ఆ తర్వాతికి అని పంచుకుంటే మీ మాటా నిలుస్తుంది, నా మాటా నిలుస్తుంది. మీ మ్యూజియాలకు పెద్ద ఖర్చూ లేదు, దాచిన డబ్బు అక్టోబర్‌కు మిగులుతుంది.

రాళ్లూ రప్పలూ గారితో నాకు గొడవే లేదు. గేట్లెత్తినప్పుడు వంతెన మీద నుంచి చూడమంటున్నా, నదిలో దిగమనట్లేదు. జలపాతాల దగ్గర తాళ్లు దాటేవాళ్లను చూస్తే నాకూ అంతే కోపం.

చెల్లెమ్మా, బతుకమ్మను వదిలి రమ్మని నేను అనలేదు. మీ ఊరు జనగామ అవతల అంటున్నారు. అక్కడి నుంచి హనుమకొండ ఎంత దూరం? వేయిస్తంభాల గుడి చూసుకుని, రామప్పకు వెళ్లి చీకటి పడేసరికి తిరిగి రావచ్చు. హైదరాబాద్ నుంచి రెండొందల కిలోమీటర్లు పోయేకంటే ఊళ్లో ఉన్నప్పుడే వెళ్తే సగం దారి కలిసొస్తుంది. పండగకు పండగా దక్కుతుంది. మే నెలలో మీరు అదే గుడికి వెళ్తే పాప కాళ్లు కాల్తాయి, నేను చెప్పేది అంతే.

బస్సు కిటికీ:

పంపకానికి నేను సరే. ఒక ప్రశ్న. సాగర్‌కు మా ఆయనకు శుక్రవారం సెలవు పెట్టించుకుని వెళ్దామనుకుంటున్నాం, ఆదివారం రద్దీ తప్పుతుందని. లాంచీలో నాగార్జునకొండ చూడొచ్చా?

రాళ్లూ రప్పలూ:

శుక్రవారం వద్దండీ, కొండ మీద మ్యూజియం ఆ రోజు మూస్తారు. గురువారం పెట్టించుకోండి. లాంచీ విజయపురి సౌత్ నుంచి, అంటే ఆంధ్ర వైపు నుంచి ఎక్కాలి. మీ జీరో టికెట్ తెలంగాణ సరిహద్దు దాకానే. గాలి ఎక్కువున్నా, వరద ఎక్కువున్నా లాంచీలు ఆపేస్తారు. లాంచీ లేకపోతే నిరాశపడకుండా ఇవతలి ఒడ్డున బుద్ధవనం అనే బౌద్ధ పార్కు చూడండి, 274 ఎకరాలు, 2022లో తెరిచారు.

జనగామ ఆడబిడ్డ:

అన్నా, రామప్పకు ఈ యాడాది పోతం, మా అత్తను గూడ తీస్కపోత. గాని సద్దుల నాడు, దసరా నాడు ఎవ్వరు పిలిచినా ఊరు దాటం. పాలపిట్టను చూసి, జమ్మి పంచుకున్నంక, ఆ తెల్లారి బండి కడ్తం.