పికప్ వెనక కమాన్ కట్టలు: పట్టీ పెంచితే ఆగుతాయా, అసలు ఎక్కడ విరుగుతున్నాయి?

ఉద్దానం బండి:
అందరికీ నమస్కారం. నాది 1.7 టన్నుల పికప్. కవిటి, సోంపేట తోటల నుంచి కొబ్బరికాయలు, సీజన్‌లో పలాస ఫ్యాక్టరీలకు జీడిపిక్కలు తోలుతాను. బండి కొన్నాక డాలా (లోడు వేసే తొట్టి) ఎత్తు పెంచి, వెనక బాడీ కొంచెం పొడిగించి, రెండు వైపులా కమాన్ కట్టలో, అంటే వెనక బరువు మోసే స్ప్రింగ్ పట్టీల దొంతరలో, ఒక్కో లావు పట్టీ అదనంగా వేయించాను. మన వైపు కిరాయి బళ్లలో చాలావరకు ఇలాగే ఉంటాయి కదా. ఇప్పుడు ఎడమ వైపు మెయిన్ పట్టీ (అన్నిటికన్నా పైన ఉండే పొడవు పట్టీ) మళ్లీ విరిగింది. మొదటిసారీ మధ్యలోనే, ఇప్పుడూ మధ్యలోనే. మేస్త్రీ ఇంకో పట్టీ వేసేద్దాం, ఇక చూసుకోనక్కర్లేదు అంటున్నాడు. నాకు నమ్మకం కుదరడం లేదు. పట్టీలు పెంచినవాళ్లు ఉంటే చెప్పండి, ఎన్నాళ్లు ఆగాయి, ఎంత లోడు వేస్తున్నారు, విరిగితే ఎక్కడ విరిగింది?

నరసన్నపేట ఇటుక లోడు:
నాదీ ఎడమ వైపే పోయింది అన్నా. మనం ఎడమ పక్కనే నడుపుతాం, ఎదురుగా లారీ వస్తే ఎడమ చక్రమే రోడ్డు దిగుతుంది. తారు అంచు దగ్గర జానెడు లోతు గొయ్యి ఉంటే లోడంతా ఆ చక్రం మీద పడుతుంది. రోడ్డు వాలు కూడా అటే. నేను ఇటుక దొంతర్లు కుడి వైపు ఒక వరస ఎక్కువ పేర్పిస్తున్నాను, కాస్త తేడా కనిపిస్తోంది. పట్టీ పెంచడం గురించి అయితే ఒక మాట. లోడుతో బాగానే ఉంటుంది, ఖాళీగా వచ్చేటప్పుడే నరకం. గతుకు పడితే వెనక భాగం ఎగిరి పడుతుంది. కట్ట వంగకపోతే ఆ దెబ్బ ఎక్కడికో పోవాలి కదా, నా బండిలో హ్యాంగర్ (కట్ట చివరని చాసిస్‌కి పట్టి ఉంచే బ్రాకెట్) దగ్గర చాసిస్‌కి పోయింది. రివిట్ల చుట్టూ చీలిక కనిపించింది.

రాజాం షెడ్డు:
తమ్ముడూ, ఇంకో పట్టీ వేయించే ముందు విరిగిన ముక్క దాచి ఉంచావా? ఉంటే పారేయకు. ఎందుకు విరిగిందో అదే చెబుతుంది. విరిగిన ముఖాన్ని డీజిల్‌తో కడిగి వెలుతురులో చూడు. ఒక మూల నున్నగా, నల్లగానో ఎర్రగానో తుప్పు పట్టి ఉండి, మిగతాది మెరుస్తూ గరుకుగా ఉంటే పగులు చాలా రోజుల కిందే మొదలైందని అర్థం. రోజూ కొంచెం కొంచెం పాకి, చివర మిగిలిన ఇనుము లోడు ఆపలేక ఒక్కసారిగా తెగింది. మొత్తం ముఖం మెరుస్తూ ఉంటే అది ఒక్క దెబ్బకు పోయింది, అంటే పెద్ద గొయ్యి అయినా ఉండాలి, లేదా పట్టీ వేడి చేసి పాడుచేసిందైనా అయ్యుండాలి.

తర్వాత చోటు చూడాలి. మధ్యలో అన్నావు. మధ్యలో అంటే రెండు రకాలు. సరిగ్గా సెంటర్ బోల్టు (పట్టీలన్నిటినీ మధ్యలో గుచ్చి పట్టే బోల్టు) రంధ్రం మీదుగా తెగితే నూటికి తొంభై పాళ్లు యూ బోల్టులు, అంటే కట్టని ఇరుసుకి బిగించి పట్టేవి, వదులు. యూ బోల్టులు గట్టిగా పట్టి ఉన్నంతసేపూ రంధ్రం ఉన్న ఆ భాగం వంగదు, హౌసింగ్‌తో (వెనక ఇరుసు ఉండే గొట్టం) కలిసి ఒకే దిమ్మలా ఉంటుంది. అవి వదిలాయా, వంగకూడని చోట వంగుతుంది. రంధ్రం దగ్గర ఇనుము ఎలాగూ తక్కువ. పగులు అక్కడే పుడుతుంది. రంధ్రం పక్కన, యూ బోల్టు ప్లేటు అంచు దగ్గర తెగితే అది లోడుకి అలసిపోయిన పట్టీ. కన్ను దగ్గర, అంటే బుష్ కూర్చునే చుట్ట దగ్గర తెగితే బుష్ బిగుసుకుపోయి తిరగడం లేదని చూడాలి. రెండో పట్టీ కొస మెయిన్ పట్టీని ఆనుకునే చోట తెగితే అక్కడ రాపిడికి గాడి పడి ఉంటుంది, చేత్తో తడిమినా తెలుస్తుంది.

లావు పట్టీ సంగతి. పాత పట్టీ 8 మిల్లీమీటర్లు, కొత్తది 10 అనుకో. 2 మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. వంగకుండా నిలిచే బిగువు మందాన్ని మూడుసార్లు హెచ్చించిన లెక్కన పెరుగుతుంది, అంటే ఆ ఒక్క పట్టీ దాదాపు రెండింతలు బిగువు. కట్టలో అన్నీ కలిసే వంగాలి కాబట్టి, అంతే వంపుకి లావు పట్టీ మీద ఒత్తిడి నాలుగో వంతు ఎక్కువ పడుతుంది. సన్నవి తట్టుకునే వంపు లావుది తట్టుకోదు. ఒత్తిడి కాస్త పెరిగినా పట్టీ ఆయుష్షు సగానికి, అంతకన్నా కిందకి పడిపోతుంది. అందుకే లావుది వేసినవాళ్లకు లావుదే ముందు పోతుంది. ఇంకో సంగతి వంపు. కంపెనీ కట్టలో కింది పట్టీకి పైదానికన్నా కొంచెం ఎక్కువ వంపు ఇస్తారు, బిగించాక కింది పట్టీలు మెయిన్ పట్టీకి ఊతంగా ఉండాలని. బయట దొరికిన పట్టీని ఆ లెక్క చూడకుండా దూరిస్తే అది పని చేయదు, లేదా పక్కదాని పని కూడా తనే మోసి చస్తుంది. మా షెడ్డుకి వచ్చే బళ్లలో స్క్రాప్‌లో కొన్న లారీ పట్టీ కోసి పికప్‌లో పెట్టినవి కూడా చూస్తున్నాం. వెడల్పే కలవదు, పట్టీలను కలిపి పట్టే క్లిప్పు ఒక పక్కే పట్టుకుంటుంది.

ఉద్దానం బండి:
ముక్క ఉంది గురువుగారూ, రేపు కడిగి చూస్తాను. మేస్త్రీ పాత పట్టీని గ్యాస్‌తో వేడి చేసి వంపు పెంచుతానంటున్నాడు. చేయించుకోవచ్చా?

విజయనగరం మెకానికల్:
వద్దు. దయచేసి వద్దు. కమాన్ పట్టీ మామూలు ఇనుము కాదు, సిలికాన్, మాంగనీస్ లేదా క్రోమియం కలిపిన స్ప్రింగ్ స్టీలు. ఫ్యాక్టరీలో దాన్ని 850 డిగ్రీల పైన ఎర్రగా కాల్చి నూనెలో ముంచుతారు, తర్వాత సుమారు 450 నుంచి 500 డిగ్రీల దగ్గర మళ్లీ నిదానంగా వేడి చేసి పెళుసుదనం తీస్తారు. ఆ రెండు మెట్లూ ఉంటేనే అది వంగి మళ్లీ తన వంపుకి వస్తుంది. షెడ్డులో గ్యాస్‌తో ఎర్రగా చేసి గాలికి వదిలేస్తే ఆ చోట మెత్తబడుతుంది, నెల తిరక్కుండా మళ్లీ చదునవుతుంది. నీళ్లు పోస్తే గాజులా పెళుసైపోతుంది. పైగా కొత్త పట్టీల పై ముఖాన్ని చిన్న ఇనుప గుళ్లతో కొట్టి గట్టిపరుస్తారు, పగులు మొదలు కాకుండా కాపాడేది ఆ పొరే. మంట తగిలితే అదీ పోతుంది. అలాగే కట్ట పక్కన వెల్డింగ్ చేయించేటప్పుడు పట్టీ మీద నిప్పురవ్వలు పడకుండా తడి గోనె కప్పండి, ఎర్త్ క్లాంపు పట్టీకి తగిలించనివ్వకండి. చిన్న వెల్డింగ్ చుక్క చాలు, సరిగ్గా అక్కడి నుంచే చీలిక బయల్దేరుతుంది.

వంపు పోయిన కట్టకి మందు కొత్త కట్టే. రెండు వైపులా ఒకేసారి మార్చాలి, లేకపోతే బండి ఒక పక్కకి వాలుతుంది.

భావనపాడు చేపల బండి:
నా బాధ వేరు. నేను ఆర్సీలో ఉన్న బరువు దాటను, అయినా కట్టలు పోతున్నాయి. కారణం ఐసు నీళ్లు. చేపల పెట్టెల నుంచి ఉప్పు నీళ్లు డాలా కంతల్లోంచి నేరుగా వెనక కట్టల మీదకి కారేవి. పైకి రంగు బాగానే ఉంటుంది, కట్ట విప్పితే పట్టీల మధ్య తుప్పు పొరలు పొరలుగా పొంగి ఉంటుంది. సుత్తితో కొడితే అప్పడాల్లా రాలాయి. తుప్పు పోయిన చోట సూది గుంటలు. రాజాం గురువుగారు చెప్పిన పగుళ్లు నా పట్టీల్లో ఆ గుంటల్లోంచే పుట్టాయి. ఇప్పుడు డాలా అడుగున రేకు తొట్టి పెట్టించి, పైపుతో నీళ్లు కట్టలకి, బ్రేకు డ్రమ్ములకి తగలకుండా వెనక్కి వదులుతున్నాను. రేవు నుంచి రాగానే మంచినీళ్లతో కింద కడగడం అలవాటు చేసుకున్నాను. కళింగపట్నం, బారువ వైపు వాళ్లు కూడా ఇది చేసుకోండి, మన గాలికే ఉప్పు.

కాలిన ఇంజిన్ ఆయిల్ కొట్టమని చాలామంది చెబుతారు. మంచిది కాదు. రబ్బరు బుష్‌లు ఉబ్బిపోతాయి, దుమ్ము అంటుకుని పట్టీల మధ్య సానరాయిలా అరగదీస్తుంది. కట్ట విప్పినప్పుడు గ్రాఫైట్ గ్రీజు పూయించండి, అది చాలు.

రాజాం షెడ్డు:
చేపల బండి అన్నది నిజం. తుప్పు ఉన్న పట్టీకి ఇంత లోడు వరకు ఫర్వాలేదు అన్న హద్దే ఉండదు. తక్కువ లోడుకైనా పగులు ముందుకు పోతూనే ఉంటుంది. గ్రాఫైట్ గ్రీజు మాత్రం మామూలు కట్టలకే. కొన్ని బళ్లకు పారబోలిక్ పట్టీలు వస్తాయి, మధ్యలో లావు, చివరలకి సన్నం, పట్టీ పట్టీకి తగలదు. వాటి మధ్య మామూలు పట్టీ దూర్చే పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయించవద్దు.

సాలూరు ఘాట్:
అందరూ విరగడం గురించే మాట్లాడుతున్నారు, నాకు విరగకపోవడం గురించే భయం. సాలూరు నుంచి సుంకి మీదుగా కొరాపుట్, జయపురం తోలుతుంటాం. తెలిసిన కుర్రాడు పట్టీలు పెంచిన కొత్తలో లోడుతో ఘాట్ దిగుతుంటే ముందు చక్రాల దగ్గర కాలిన వాసన. ఆపి చూస్తే ముందు డిస్కులు నీలం రంగు తిరిగి ఉన్నాయి, వెనక డ్రమ్ములు చెయ్యి పెట్టగలిగేంత చల్లగా ఉన్నాయి. బ్రేకు షూలు కొత్తవే, ఆయిల్ సరిపడా ఉంది.

సంగతి ఏంటంటే, చాలా పికప్‌లకి వెనక హౌసింగ్ నుంచి చాసిస్ మీది ఒక వాల్వుకి సన్నటి కడ్డీ ఉంటుంది. లోడ్ సెన్సింగ్ వాల్వ్ అంటారు. బండి ఖాళీగా ఉండి వెనక ఎత్తుగా ఉంటే, చక్రాలు లాక్ అయి జారకుండా వెనక బ్రేకుకి ఒత్తిడి తగ్గిస్తుంది. లోడు పడి వెనక దిగితే పూర్తిగా ఇస్తుంది. పట్టీ పెంచితే నిండు లోడుతో కూడా వెనక దిగదు, వాల్వు దృష్టిలో బండి ఖాళీ. ఘాట్‌లో టన్నున్నర లోడుని ముందు చక్రాలే ఆపాలి. కట్ట ఎత్తు మారితే ఆ కడ్డీ కొలత మళ్లీ సెట్ చేయించాలి, అదీ కంపెనీ ఇచ్చిన కొలత ప్రకారం. ఇది చెప్పే మేస్త్రీలు చాలా తక్కువ. పట్టీలు పెంచినవాళ్లు ఈరోజే బండి కింద దూరి చూడండి. కొందరు ఆ కడ్డీని తాడుతో కట్టేస్తారు, అది ఇంకా ప్రమాదం, వానలో ఖాళీ బండి వెనక జారిపోతుంది.

బొబ్బిలి లోడింగ్:
ఉద్దానం అన్నా, బాడీ పొడిగించానన్నావు. అసలు దెబ్బ అక్కడ కూడా ఉంది. వీల్‌బేస్ 3 మీటర్లు అనుకో. ఇరుసుకి మీటరు వెనక 300 కిలోలు పెడితే ఇరుసు మీద పడేది 300 కాదు, 400. ఆ వంద ఎక్కడిదంటే, ముందు చక్రాల మీద నుంచి లేచింది. అందుకే తూకం సరిగ్గా ఉన్నా కట్టలు కూర్చుంటాయి, స్టీరింగ్ తేలిపోతుంది. కాటాకి వెళ్లినప్పుడు మొత్తం తూకం ఒక్కటే కాకుండా వెనక చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి తూచి చూడు. జీడిపిక్కల బస్తా 80 కిలోలు, 20 బస్తాలకే 1600. డాలా పెంచిన బరువు కూడా నీ 1.7 టన్నుల్లోంచే పోవాలి. బస్తాలు క్యాబిన్ గోడకి ఆనించి మొదలుపెట్టి, చివరి వరస ఒక్క ఎత్తే పేర్పించు.

చీపురుపల్లి:
కట్టలకి సాయంగా ఇరుసుకీ చాసిస్‌కీ మధ్య గాలి బెలూన్లు పెట్టించుకుంటే సరిపోదా? ఖాళీగా ఉన్నప్పుడు గాలి తీసేయొచ్చు, లోడుకి కొట్టొచ్చు.

విజయనగరం మెకానికల్:
వంగిపోవడం తగ్గుతుంది, ఖాళీ ప్రయాణం కూడా నయం. కానీ చాసిస్ మీద కట్ట బరువుని రెండు చివరల హ్యాంగర్ల దగ్గర తీసుకునేలా గట్టి చేస్తారు, బెలూను అదే బరువుని మధ్యలో ఒకే చోట నెడుతుంది. హౌసింగ్, బేరింగులు, టైర్లు మోసే శక్తి దానివల్ల ఒక్క కిలో కూడా పెరగదు. పైన ఘాట్ గారు చెప్పిన వాల్వు చిక్కు దీనికీ ఉంది.

శ్రీకాకుళం ఆర్టీవో పని:
కాగితాల సంగతి నేను చెబుతాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదు. బాడీ పొడిగించడం నేరుగా ఇందులోకే వస్తుంది. 182ఏ కింద యజమానికి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. అధిక లోడుకి 194 కింద 20,000, పైన ఎక్కువైన ప్రతి టన్నుకి 2,000, దించే ఖర్చు కూడా మనదే. పట్టీ పెంచినంత మాత్రాన ఆర్సీలో బరువు పెరగదు, ఇది చాలామందికి ఎవరూ చెప్పరు. ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి, తర్వాత ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్). బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కింద చూసినప్పుడు కనిపించేవి ఇవే. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట పట్టుకునేదీ ఇదే.

ఉద్దానం బండి:
ముక్క కడిగి చూశాను. తెగింది సెంటర్ బోల్టు రంధ్రం మీదుగానే. ఒక పక్క బొటనవేలి గోరంత మేర నల్లగా నున్నగా ఉంది, మిగతాదంతా మెరుస్తోంది. యూ బోల్టు నట్లకి పానా వేస్తే పెద్దగా బలం పెట్టకుండానే తిరిగాయి. రెండు వైపులా కంపెనీ కట్టలు, యూ బోల్టులు, బుష్‌లు కొత్తవి వేయిస్తున్నాను. అదనపు పట్టీ వద్దని చెప్పాను. పొడిగించిన వెనక భాగం కూడా కోయించేస్తున్నాను. కిరాయికి రెండు బస్తాలు తగ్గుతాయి, వ్యాపారితో మాట్లాడాను, ఒప్పుకున్నాడు. బిగించేటప్పుడు దగ్గరుండి ఏమేం చూడమంటారు?

రాజాం షెడ్డు:
పాత యూ బోల్టులు బాగున్నాయని మళ్లీ వాడనివ్వకు, ఒకసారి సాగినవి మళ్లీ పట్టు నిలపవు. సెంటర్ బోల్టు తల హౌసింగ్ ప్లేటు గుంటలో సరిగ్గా దిగిందో లేదో చేత్తో తడిమి చూడు, దిగకపోతే ఇరుసు పక్కకి జరిగి బండి వంకర నడుస్తుంది, టైరు తింటుంది. నాలుగు నట్లూ ఎదురెదురు మూలలుగా కొంచెం కొంచెం బిగించాలి, చివర టార్క్ పానాతో (బిగింపు బలం కొలిచే పానా) కంపెనీ కొలతకి. షాకిల్ (కట్ట చివర ఊగే లింకు) బోల్టులు, కన్ను బోల్టు మాత్రం బండి జాకీ మీద ఉండగా పూర్తిగా బిగించనివ్వకు. చక్రాలు నేల మీద ఆని, బండి తన బరువు మీద నిలబడ్డాకే బిగించాలి. గాల్లో బిగిస్తే రబ్బరు బుష్ మెలితిరిగి ఉండిపోయి తొందరగా చిరుగుతుంది. 500 కిలోమీటర్లు తిరిగాక లోడు లేకుండా తెచ్చి యూ బోల్టులు మళ్లీ బిగించుకో, ఆ తర్వాత ఆయిల్ మార్చిన ప్రతిసారీ. నట్టు మీద, బోల్టు మీద కలిపి తెల్ల పెయింటుతో ఒక గీత గీయించు. గీత జరిగితే వదిలిందని షెడ్డుకి రాకుండానే తెలిసిపోతుంది.

నరసన్నపేట ఇటుక లోడు:
గీత సంగతి మంచిది గురువుగారూ, రేపే గీయిస్తాను. ఉద్దానం అన్నా, ఆ సెట్ ఎంత పడిందో, ఎక్కడ దొరికిందో ఇక్కడ పెట్టు, నాకూ రెండు వైపులా కావాలి.