పట్టా చేతికి రాకముందే ‘డిగ్రీ పూర్తయింది’ అని రాయవచ్చా?

దూరతీరం (చర్చ ప్రారంభం):
నా స్నాతకోత్తర డిగ్రీ పరీక్షల ఫలితాలన్నీ వెలువడ్డాయి. ప్రాజెక్టు నివేదికకు కూడా ఆమోదం లభించింది. అయితే మా విశ్వవిద్యాలయం స్నాతకోత్సవం జరిగితే గానీ పట్టాలు ఇవ్వదు, దానికి ఇంకా కొన్ని నెలలు పడుతుంది. ఈలోగా విదేశంలోని ఒక సంస్థ నన్ను ఎంపిక చేసి డిగ్రీ ధ్రువపత్రం పంపమని కోరింది. దరఖాస్తులో నేను ‘డిగ్రీ పూర్తయింది’ అని రాశాను. పట్టా లేకుండా అలా రాయకూడదని ఒక మిత్రుడు, చదువు ముగిశాక రాయడానికి సంకోచం దేనికని మరొక మిత్రుడు అంటున్నారు. సభ్యుల అభిప్రాయం తెలుసుకోగోరుతున్నాను.

సూటిమాట:
రాయకూడదనే నా అభిప్రాయం. కొత్తగా చేరేవారి విద్యార్హతలను సరిచూసే పనిలో ఉన్నాను కనుక అవతలివైపు నుంచి చెబుతున్నాను. అన్ని సెమిస్టర్ల మార్కుల మెమోలు ఉన్నంత మాత్రాన డిగ్రీ ఉన్నట్టు కాదు. అవి ఆయా పరీక్షల్లో ఉత్తీర్ణులయ్యారని మాత్రమే చెబుతాయి. కావలసిన క్రెడిట్లన్నీ లెక్కకు సరిపోయాయా, బకాయిలేమైనా ఉన్నాయా, డిగ్రీ ప్రదానానికి విశ్వవిద్యాలయం ఆమోదం తెలిపిందా అన్న సంగతులు వాటిలో ఉండవు. పైగా అభ్యర్థి స్వయంగా స్కాన్ చేసి పంపిన కాగితాన్ని దిద్దడం ఈ రోజుల్లో ఎంత సులభమో అందరికీ తెలుసు. ‘ఫలితాలు వెలువడ్డాయి, పట్టా రావలసి ఉంది’ అని రాస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. పూర్తయిందని చెప్పవలసినది విద్యాసంస్థ, విద్యార్థి కాదు.

పాతదస్త్రం:
సూటిమాట గారు చివర అన్న మాటతో ఏకీభవిస్తాను గానీ, దాని నుంచి ఆయన తీసిన నిర్ణయంతో ఏకీభవించలేను. చెప్పవలసినది విద్యాసంస్థే అయినప్పుడు, ఆ మాట పట్టా రూపంలోనే రావాలన్న నియమం ఎక్కడిది?

ఇక్కడ మూడు తేదీలు కలిసిపోయి గందరగోళం పుడుతోంది. కోర్సుకు కావలసినవన్నీ పూర్తిచేసిన తేదీ ఒకటి. విశ్వవిద్యాలయం డిగ్రీని అధికారికంగా ప్రదానం చేసినట్టు తన రికార్డులో నమోదు చేసుకున్న తేదీ రెండవది. స్నాతకోత్సవం జరిగి కాగితం చేతికి వచ్చే తేదీ మూడవది. వీటిలో బలహీనమైన సాక్ష్యం మూడవదే. అమెరికాలోని అనేక విశ్వవిద్యాలయాల్లో ఇంకా ఒకటి రెండు కోర్సులు మిగిలి ఉన్న విద్యార్థులను కూడా వేడుకలో పాల్గొననిస్తారు. అందువల్ల గౌను వేసుకుని వేదిక ఎక్కిన ఫొటో దేనికీ రుజువు కాదు. అక్కడ సంస్థలు చూసేది రిజిస్ట్రార్ కార్యాలయం ఇచ్చే ట్రాన్‌స్క్రిప్ట్‌లో డిగ్రీ ప్రదానం చేసిన తేదీ పడిందా లేదా అన్నదే. 1993లో ఏర్పడిన నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్ ద్వారా ఆ వివరాన్ని నేరుగా సరిచూసుకునే వీలు కూడా ఉంది. బ్రిటన్‌లో అదే పనికి హెడ్ అనే సేవ ఉంది, అభ్యర్థి సమ్మతిపత్రం ఇస్తే చాలు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ విశ్వవిద్యాలయాలు ‘మై ఈక్వల్స్’ ద్వారా డిజిటల్ పత్రాలు ఇస్తాయి. ఈ ఏర్పాట్లన్నింటిలోనూ నమ్మకం కాగితం మీద కాదు, విద్యాసంస్థ రికార్డు మీదే ఆధారపడి ఉంది.

ప్రభుత్వాలు సైతం ఈ తేడాను గుర్తించాయి. చదువు ముగిశాక అక్కడే ఉండి పనిచేయడానికి ఇచ్చే బ్రిటన్ గ్రాడ్యుయేట్ వీసాకు పట్టా వచ్చేదాకా ఆగనక్కరలేదు. కోర్సు విజయవంతంగా పూర్తయిందని విద్యాసంస్థ వీసాలు చూసే హోం ఆఫీసుకు తెలియజేసి ఉండాలి. అమెరికా వలస శాఖ అప్పీళ్ల విభాగం 2017 ఏప్రిల్‌లో ‘మ్యాటర్ ఆఫ్ ఓ-ఏ-’ అనే నిర్ణయంలో, ఒక రకం ఉద్యోగ ఆధారిత వలస వీసాకు కావలసిన, డిగ్రీ తరువాతి ఐదేళ్ల అనుభవాన్ని ఏ తేదీ నుంచి లెక్కించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, తగిన ఆధారాలుంటే ప్రొవిజినల్ సర్టిఫికెట్ తేదీ నుంచి లెక్కించవచ్చని అంగీకరించింది. అంతటి పట్టింపు గల శాఖే పట్టా తేదీని పట్టుకుని వేలాడనప్పుడు, ఒక ప్రైవేటు సంస్థ వేలాడవలసిన పని లేదు.

సూటిమాట:
ఆ నిర్ణయాన్ని సగమే చెప్పారు. డిగ్రీకి కావలసినవన్నీ అభ్యర్థి పూర్తిచేశారని, విశ్వవిద్యాలయం డిగ్రీకి ఆమోదం తెలిపిందని ఆధారాలు చూపాలన్న షరతు అందులోనే ఉంది. ప్రతి ప్రొవిజినల్ సర్టిఫికెట్‌నూ కళ్లకద్దుకోమని ఎవరూ చెప్పలేదు. రెండవది, మీరు పేర్కొన్న సేవలన్నీ కొన్ని దేశాల విశ్వవిద్యాలయాలకు పరిమితం. అలాంటి ఏర్పాటేదీ లేని విశ్వవిద్యాలయానికి మెయిల్ రాసి, జవాబు కోసం వారాల తరబడి ఎదురుచూసే మా వంటివారి పరిస్థితి వేరు. అందుకే పట్టా అడుగుతాం. అదొక్కటే అన్ని చోట్లా ఉంటుంది కాబట్టి.

నాలుగోగది:
అపోస్టిల్ (పత్రం విదేశాల్లో చెల్లడానికి ప్రభుత్వం చేసే ధ్రువీకరణ) చేయించి పంపితే ఈ గొడవ ఉండదు కదా? ప్రొవిజినల్ సర్టిఫికెట్‌కు కూడా చేస్తున్నారని విన్నాను.

పాతదస్త్రం:
నాలుగోగది గారూ, అపోస్టిల్ మీద చాలామందికి ఉన్న భ్రమ అది. 1961 హేగ్ ఒప్పందం ప్రకారం అపోస్టిల్ ధ్రువీకరించేది సంతకం నిజమైనదేనని, సంతకం చేసినవారు ఏ హోదాలో చేశారన్నది, ముద్ర ఎవరిదన్నది మాత్రమే. పత్రంలో రాసిన విషయం నిజమని అది చెప్పదు. అధికార కార్యాలయాలు అడిగితే చేయించుకోవాలి; సంస్థను ఒప్పించడానికి మాత్రం అది ప్రత్యామ్నాయం కాదు.

సూటిమాట గారి ఇబ్బందిని కాదనను. అయితే దానికి మందు అభ్యర్థిని నెలల తరబడి ఆపడం కాదు, అభ్యర్థి తెచ్చే లేఖను సరిచూడదగినదిగా మార్చడం. ‘వీరు మా విద్యార్థి, మంచి నడవడి గలవారు’ అన్న ధోరణిలో విభాగాధిపతి రాసే లేఖలు దేనికీ కొరగావు. లేఖ రిజిస్ట్రార్ నుంచో పరీక్షల నియంత్రణాధికారి నుంచో రావాలి. డిగ్రీ పూర్తి పేరు, అన్ని అర్హతలూ పూర్తయిన తేదీ, ప్రదానం జరిగి ఉంటే ఆ తేదీ, జరగకపోతే జరగబోయే తేదీ, పట్టా ఆలస్యానికి కారణం స్నాతకోత్సవమే తప్ప మరే బకాయీ కాదన్న స్పష్టమైన వాక్యం అందులో ఉండాలి. దాన్ని విశ్వవిద్యాలయం తన అధికారిక మెయిల్ నుంచి నేరుగా సంస్థకే పంపాలి. అభ్యర్థి చేతుల మీదుగా వెళ్లినప్పుడు, సంప్రదించవలసిన కార్యాలయం వివరాలను సంస్థ ఆ లేఖలోంచి కాక విశ్వవిద్యాలయ వెబ్‌సైట్ నుంచి తీసుకోవాలి. నకిలీ లేఖలో ఫోను నంబరు కూడా నకిలీదే ఉంటుంది కదా.

సూటిమాట:
అలాంటి లేఖ వస్తే నేను తప్పకుండా అంగీకరిస్తాను. నూటికి తొంభై మంది పంపేది అది కాదన్నదే నా బాధ. అయినా దరఖాస్తులోని పదం విషయంలో నా మాట మారదు. ప్రదానం జరగకముందు ‘పూర్తయింది’ అని రాసి, దాని పక్కన తేదీ ఇవ్వకపోతే, తరువాతి తనిఖీలో విశ్వవిద్యాలయం చెప్పిన తేదీ దానితో కలవదు. ఆ తేడాను తనిఖీ చేసే బయటి ఏజెన్సీలు పొరపాటుగా కాక అబద్ధంగా నమోదు చేసే ప్రమాదం ఉంది.

పాతదస్త్రం:
ఆ ఒక్క విషయంలో మీదే సరైన మాట. ‘అర్హతలన్నీ పూర్తయినవి ఫలానా నెలలో, ప్రదానం ఫలానా నెలలో’ అని రెండూ విడివిడిగా రాయడమే మేలు.

దూరతీరం:
అందరికీ కృతజ్ఞతలు. దరఖాస్తును ఆ ప్రకారం సవరించి పంపుతాను. ఒక్క సందేహం మిగిలింది: ఇంత చేసినా పట్టా మూలప్రతే కావాలని వారు పట్టుబడితే?

పాతదస్త్రం:
ఎవరికి కావాలో ముందు అడగండి. వీసా కార్యాలయానికో, వైద్యం, నర్సింగు వంటి వృత్తులకు అనుమతినిచ్చే మండలికో కావాలంటే సంస్థ చేయగలిగింది తక్కువ. వారి నిబంధనల్లో ప్రొవిజినల్ సర్టిఫికెట్ ప్రస్తావన ఉందేమో మీరే చదువుకోవాలి. స్నాతకోత్సవానికి ముందే అదనపు రుసుముతో పట్టా ఇచ్చే పద్ధతి కొన్ని విశ్వవిద్యాలయాల్లో ఉంటుంది, మీ పరీక్షల విభాగంలో విచారించండి. కేవలం సంస్థ సిబ్బంది విభాగం ఫైలు కోసమే అయితే, ఫలానా తేదీలోగా పట్టా సమర్పించాలన్న షరతుతో చేర్చుకోమని కోరండి, ఆ షరతును ఆఫర్ లెటర్‌లోనే రాయించుకోండి. గడువును మాత్రం స్నాతకోత్సవం తేదీకి దగ్గరగా పెట్టనివ్వకండి; స్నాతకోత్సవాలు వాయిదా పడుతుంటాయి.