తుక్కు రేకుతో బ్లాస్టింగ్ పెట్టె: డ్రమ్ము చాలా, హాపర్ కట్టాలా?

స్కూటర్‌పిచ్చి: బోలక్‌పూర్ తుక్కులో 200 లీటర్ల డ్రమ్ము, 16 గేజ్ రేకు ముక్కలు దొరికాయి. స్కూటర్ రిమ్ములు, ఫోర్కులు తుప్పు వదిలించడానికి బ్లాస్టింగ్ పెట్టె (గాలి ప్రెషర్‌తో గ్రిట్, అంటే గరుకు రవ్వ, కొట్టి తుప్పు రాల్చే మూసిన పెట్టె) కట్టాలి. కంప్రెసర్ 2 హెచ్‌పీ. డ్రమ్మును అడ్డంగా పడుకోబెట్టి చేతులకు రంధ్రాలు కోస్తే చాలదా?

రేకుపని: చాలదు. అడ్డంగా పెడితే గ్రిట్ అడుగునంతా పొడుగునా పరుచుకుంటుంది, పీల్చే గొట్టం దగ్గరికి రాదు. కింద నాలుగు ముఖాల హాపర్, అంటే గ్రిట్ జారి ఒకచోట చేరే గరాటు, కట్టండి, వాలు 60 డిగ్రీలు. 45 చాలంటారు గానీ అది ముఖం వాలు. రెండు ముఖాలు కలిసే మూల దగ్గర అది 35కి పడిపోతుంది, గ్రిట్ ఆగేది అక్కడే. 60 పెడితే మూల 51 దాకా వస్తుంది.

బాలానగర్_బిట్టు: గీ లెక్కలెందుకన్నా? డ్రమ్మును నిలబెట్టి కింద కోన్ వెల్డ్ చేస్తే మూలలే ఉండవు, 45 సాలు. అసలు సంగతి గాలి. 2 హెచ్‌పీ మీద 7 సీఎఫ్‌ఎం (నిమిషానికి 7 ఘనపుటడుగుల గాలి) వస్తే గొప్ప. గన్‌ల గాలి జెట్ 2 మి.మీ. పెట్టు, ముందు నాజిల్ దానికి డబుల్. 6 మి.మీ. నాజిల్ గన్ కొన్నవంటే ప్రెషర్ నిలవది. గార్నెట్‌కు (బ్లాస్టింగ్‌కు అమ్మే గట్టి రాతి రవ్వకు) పైసలు పెట్టకు, ఇసుక ఎండబెట్టి జల్లించి పొయ్యి. పెట్టె మూసే ఉంటది కద.

వెల్డర్‌మామ: డ్రమ్ములో ముందు ఏం పోశారో కనుక్కో. థిన్నర్‌దైతే గ్రైండర్ పెట్టకు, పేలుద్ది.

రేకుపని: కోన్ చుట్టడానికి రోలర్ మిషన్ కావాలి బిట్టూ. ముక్క రేకులతో ఎలా చుడతాడు? నాలుగు ముఖాలకైతే గ్రైండర్, వెల్డింగ్ సెట్టు చాలు.

బాలానగర్_బిట్టు: 45 మీద నడిచే పెట్టెలు మస్తుగున్నయి.

రేకుపని: వానాకాలంలో నడిపి చూడు. కంప్రెసర్ నుంచి వేడి గాలి ఆవిరితో వస్తుంది, పక్కనే పెట్టిన వాటర్ ట్రాప్ (గాలిలోని నీళ్లను పట్టే గిన్నె) దాన్ని పట్టలేదు. జీఐ పైపు 8, 10 మీటర్లు వాలుగా తిప్పి చల్లార్చి, ట్రాప్‌ను పెట్టె దగ్గర పెట్టాలి. లేకపోతే గ్రిట్ ముద్దకట్టి 45 మీద కదలనే కదలదు.

గార్నెట్80: ఇద్దరూ డిగ్రీల దగ్గరే కొట్టుకుంటున్నారు, ఇసుక మాట ఎవరూ ఎత్తరేం? ఇసుకంటే క్వార్ట్జ్. ఇనుముకు తగలగానే పగిలి పొడవుతుంది. ఊపిరితిత్తుల్ని పాడుచేసే సిలికోసిస్ జబ్బు తెచ్చేది ఆ పొడే. బ్రిటన్ 1950లోనే బ్లాస్టింగ్‌కు ఇసుకను నిషేధించింది. గార్నెట్‌ను జల్లించి మళ్లీ మళ్లీ వాడొచ్చు.

బాలానగర్_బిట్టు: భయపెట్టుడు ఆపన్నా. పెట్టె మూసి వాక్యూమ్ పెట్టినంక దుమ్ము యాడికి పోతది? గార్నెట్ బస్తాలు కొనేటోడు తుక్కు రేకు కోసం ఎందుకు తిరుగుతడు?

గార్నెట్80: ఇంటి వాక్యూమ్ గుడ్డ సంచి ఆ సన్న పొడిని ఆపదు, వెనక నుంచి గదిలోకే వదులుతుంది. మధ్యలో సైక్లోన్ బకెట్ (గాలిని సుడి తిప్పి దుమ్మును కిందికి రాల్చేది) పెట్టినా ముతక దుమ్మే పడుతుంది. సరే, అన్నీ బాగానే ఉన్నాయనుకో. డోరు తీసేదెవరు? బకెట్ దులిపేదెవరు? మూతికి జేబురుమాలు కట్టుకున్న కుర్రాడు. నీ షెడ్డులోనూ అంతేగా?

బాలానగర్_బిట్టు: నా షెడ్డు నువ్వెప్పుడు చూసినవ్? మాస్కులు తెచ్చిస్త, పెట్టుకోరు. ఉక్కపోస్తదంటరు. మెడ మీద కత్తి పెట్టాల్నా? రేటు పెంచితే కస్టమర్ పక్క షాపుకు పోతడు, అప్పుడు గా కుర్రాళ్ల జీతం నువ్విస్తవా?

గార్నెట్80: పెట్టుకోరని నీకు తెలుసు కదా, అందుకే పోసే సరుకు మార్చమంటున్నా. వాడు ఉక్కపోతకు మాస్కు తీసినా ఊపిరితిత్తులు పోకూడదు. బస్తా ధర కస్టమర్ బిల్లులో వేసుకో, కుర్రాడి మీద వేయకు.

వెల్డర్‌మామ: బిట్టూ, బిల్లులో వేసుకోరా.

బాలానగర్_బిట్టు: ఈయన సొంతింట్ల చేసుకుంటడు. ఈయనకు కుర్రాడెక్కడిది?

స్కూటర్‌పిచ్చి: ఊడ్చేది మా తమ్ముడే అన్నా. గార్నెట్ 80 మెష్ (రవ్వ సన్నదనాన్ని చెప్పే జల్లెడ నంబరు) తెస్తా. హాపర్ నాలుగు ముఖాలే, 60. కిటికీకి అక్రిలిక్ షీటు పనికొస్తుందా?

రేకుపని: గీతలు పడి తొందరగానే మసకబారుతుంది. 5 మి.మీ. టఫెన్డ్ గ్లాసు వేసి, లోపలి వైపు పారదర్శక ఫిల్మ్ అతికించండి, చెడినప్పుడు ఫిల్మ్ ఒక్కటే మార్చొచ్చు. గన్ నుంచి పెట్టెకు, పెట్టె నుంచి ఎర్త్‌కు రాగి వైరు కలపండి. లేకపోతే గ్రిట్ రాపిడికి స్టాటిక్ పుట్టి చేతికి షాక్ కొడుతుంది. పీల్చే గొట్టానికి పైన చిన్న గాలి రంధ్రం పెట్టండి, గాలి కలవకపోతే గ్రిట్ గొట్టంలోనే బిగుసుకుంటుంది.

బాలానగర్_బిట్టు: గన్ జెట్ 2 మి.మీ.ది, మర్చిపోకు. బస్తా ఎంతకొచ్చిందో ఇక్కడ రాయి.