ఇంటి దావత్‌లో ఫొటోలు: పిలిచినవాళ్లే కెమెరా పట్టుకోవచ్చా?

రామగిరి వాసి, నల్లగొండ:

వచ్చే నెలలో మా ఇంట్లో మనుమరాలి తొట్టెల వేడుక ఉన్నది. ఫంక్షన్ హాలు వద్దనుకొని, మేడమీద షామియానా వేయించి, దగ్గరి చుట్టాలను, వాడకట్టువాళ్లను మాత్రమే పిలుస్తున్నాము. ఫొటోల విషయంలోనే ఇంట్లో మాట కుదరడం లేదు. పుణెలో ఉద్యోగం చేస్తున్న మా పెద్దబ్బాయికి సెలవు దొరకలేదు కాబట్టి, వచ్చిన ప్రతివారినీ, జరిగిన ప్రతి పనినీ ఫొటో తీసి పంపాలంటున్నాడు. మా తమ్ముడేమో, పిలిచి అన్నం పెట్టేవాళ్లు ఫోను పట్టుకొని తిరగడం మర్యాద కాదని, చుట్టాలు వచ్చేది కూర్చొని నాలుగు మాటలు మాట్లాడటానికే గాని మన ఫోనులో పడటానికి కాదని వాదిస్తున్నాడు. నా మొగ్గు తీయడం వైపే ఉన్నా, తమ్ముడి మాటను కొట్టిపారేయలేకపోతున్నాను. ఇంటివాళ్లే తీయాలా, ఒక మనిషిని పెట్టుకోవాలా, అసలు మానుకోవాలా? కాలం మారిందన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా కారణాలతో రాయగలరని మనవి.

పెండ్లి కెమెరా, దేవరకొండ:

ఫొటోగ్రఫీ నా వృత్తి కాబట్టి మనిషిని పెట్టుకొమ్మనే చెబుతానని మీరు అనుకోవచ్చు గాని, ఇంత చిన్న వేడుకకు ఆ ఖర్చు అవసరం లేదు. అయితే ఇంటి యజమాని గాని, ఇల్లాలు గాని కెమెరా పట్టుకోకూడదన్నది మాత్రం గట్టిగా చెబుతాను. నేను చూసేది మర్యాదను కాదు, పనిని. గడపలో కాళ్లకు నీళ్లిచ్చి, లోపలికి పిలిచి కూర్చోబెట్టి, ఎవరు తిన్నారో ఎవరు తినలేదో కనిపెట్టవలసిన మనిషి ఫోను తెరలో తల దూర్చితే రెండు పనులూ చెడతాయి. పైగా తీసేవాడు ఏ ఫొటోలోనూ ఉండడు కాబట్టి, కొన్నేండ్ల తర్వాత మీ మనుమరాలు ఆ ఆల్బం తిరగేస్తే అందులో తాత ఎక్కడా కనపడడు. ఇంటర్ చదివే మేనల్లుడికో మేనకోడలికో ఆ పని అప్పగించి, మీరు చుట్టాల దగ్గర ఉండండి.

ఇంట్లో ఫొటోలు చెడిపోయేది ఎక్కువగా వెలుతురు వల్లనే. ఒక పక్క కిటికీలోంచి పగటి వెలుగు, పైన ఎల్‌ఈడీ ట్యూబు, దేవుని దగ్గర దీపం కలిసి ఒకే ముఖం మీద పడితే, ఆ చర్మం అసలు రంగేమిటో ఏ ఫోనూ పోల్చుకోలేదు. తొట్టెలను కిటికీకి పక్కవాటుగా కట్టి, ఆ కాసేపు ట్యూబులైటు ఆర్పేస్తే సగం ఇబ్బంది తీరుతుంది. ఆర్పడం కుదరకపోతే, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవకరకం ఎల్‌ఈడీ వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చి తగ్గుతుందని గుర్తుంచుకొని, షట్టరు వేగాన్ని 1/100 సెకను దగ్గర ఆపాలి. అంతకన్నా పెంచితే ఫొటో నిండా నల్లని చారలు పడతాయి. ఫ్లాష్ అసలే వద్దు. గద్వాల పట్టుచీర జరీ అంచు మీద అది నేరుగా పడితే నేతపని అంతా మాయమై తెల్లటి మరక మాత్రం మిగులుతుంది, వెనుక గోడ మీద నల్లటి నీడ నిలుస్తుంది, పసిబిడ్డ ఉలిక్కిపడుతుంది. ఇక గుంపు ఫొటో సంగతి. ఫోన్లలోని ప్రధాన కెమెరాది వెడల్పు చూపు కాబట్టి దగ్గర నుంచి తీస్తే చివరన నిలబడ్డవాళ్లు పక్కలకు సాగి లావుగా కనపడతారు. మొహమాటపడి చివరకు జరిగేది ఎప్పుడూ పెద్దమ్మలు, అత్తమ్మలే కాబట్టి ఆ ఫొటో చూసుకొని నొచ్చుకునేదీ వాళ్లే. నాలుగడుగులు వెనక్కి పోయి రెండింతల జూమ్‌లో తీస్తే ఆ బాధ ఉండదు.

ఒక్కొక్కరినీ అడిగి తీయాలని కొందరంటారు. అడిగితే మనిషి బిగుసుకుపోతాడు, నవ్వు ముఖం మీద అతికించుకున్నట్టు ఉంటుంది. పిలుపులోనే ఫొటోలు ఉంటాయని ఒక మాట చెబితే చాలునని నా అభిప్రాయం.

గద్వాల కోడలు:

దేవరకొండ ఫొటోగ్రాఫర్ గారు వెలుతురు గురించి రాసినదంతా సరిగానే ఉండవచ్చు గాని, అడిగిన ప్రశ్న వెలుతురు గురించి కాదు. అడిగితే బిగుసుకుపోతారు కాబట్టి అడగకుండానే తీయాలనడం తీసేవారికి అనుకూలమైన వాదన. బంతిలో కూర్చొని, ఏటకూర బగారన్నంలో కలుపుకొని, ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకున్న మనిషికి ఎదురుగా ఎవరో ఫోను ఎత్తితే, ఆ ముద్ద ఎట్లా తినాలో ఆమెకు తోచదు. చెయ్యి దించితే తీసేవాళ్లు నొచ్చుకుంటారు, దించకపోతే నోరు తెరిచిన ఫొటో పదిమంది ఫోన్లలో తిరుగుతుంది. ఆకలితో వచ్చిన మనిషికి అన్నం ముందు ఈ పరీక్ష పెట్టేవాళ్లు ఆ పూటకు పిలిచినవాళ్ల లెక్కలోకి ఎట్లా వస్తారో నాకు అర్థం కాదు.

ఒడిబియ్యం సంగతి చూడండి. మా అత్తగారింటి వైపు ఆడబిడ్డకు ఒడిబియ్యం పోసేటప్పుడు పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, పసుపుకొమ్ములు, కనుములు (రవిక గుడ్డలు) పెట్టి, ఉన్నవాళ్లు ఉన్నట్టు, లేనివాళ్లు లేనట్టు పుట్టింటివాళ్లు చీర పెడతారు. ఆ చీర ఎంతదో అడగడం తప్పని తెలిసినవాళ్లే, ఫొటో స్టేటస్‌లో కనపడగానే దాన్ని వేళ్లతో పెద్దది చేసి అంచు వెడల్పు చూస్తున్నారు. ఇరవై నాలుగు గంటల్లో స్టేటస్ పోతుందని సర్దిచెప్పవచ్చు గాని, పిలుపు అందని తోటికోడలు దాన్ని చూడటానికి ఐదు నిమిషాలు చాలు.

దీనికన్నా కష్టమైన విషయం మరొకటున్నది. భర్త పోయిన పెద్దమ్మ ఇంతకుముందు కూడా శుభకార్యంలో వెనుకనే నిలబడేది; అది అన్యాయమే అయినా, ఎవరూ నోరు తెరిచి అనవలసిన పని ఉండేది కాదు. ఇప్పుడు ఫొటో కోసం వరుస కట్టించేటప్పుడు, "పెద్దమ్మా, నువ్వు కొంచెం పక్కకు జరుగు" అని ఒక పిల్లవాడు అందరి ముందర గట్టిగా అంటున్నాడు. ఆ మాట అనిపించే కెమెరా మన ఇంట్లో ఉండకపోతే వచ్చిన నష్టమేమిటి?

కందనూలు వకీలు:

చట్టం ఏమంటుందో కొంత రాస్తాను, అయితే ఈ తగవును తీర్చే శక్తి చట్టానికి లేదు. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది గాని, ఆ తీర్పు ప్రధానంగా ప్రభుత్వానికీ పౌరుడికీ మధ్య నిలిచేది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, ఒక వ్యక్తి తన సొంతానికో ఇంటి అవసరానికో వాడుకునే సమాచారానికి వర్తించదని తన 3వ సెక్షన్‌లోనే చెప్పుకున్నది. కాబట్టి ఇంటి ఆల్బం కోసం తీసిన ఫొటో మీద కేసు పెడతామని ఎవరైనా బెదిరిస్తే భయపడనక్కరలేదు.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త అవసరం, అది తొట్టెల వేడుకలోనే ఎదురవుతుంది. బాలింత బిడ్డకు పాలిచ్చే గదిలోకి పిల్లలు ఫోన్లతో చొరబడతారు. స్త్రీ అనుమతి లేకుండా అటువంటి స్థితిలో తీసిన చిత్రం సమాచార సాంకేతిక చట్టం 66ఇ సెక్షన్ కిందికీ, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కిందికీ రావచ్చు. 66ఇ కింద మూడేళ్ల వరకు జైలుశిక్షగాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానాగాని, రెండూగాని విధించవచ్చు. తీయడానికి ఒప్పుకున్న స్త్రీ, దాన్ని ఇతరులకు పంచడానికి ఒప్పుకోకపోతే, పంచడం కూడా నేరమేనని 77వ సెక్షన్ వివరణ చెబుతున్నది. మామూలు దావత్ ఫొటోలకు ఆ సెక్షన్‌తో సంబంధం లేదు గాని, తీయడానికి ఒప్పుకోవడం వేరు, పంపడానికి ఒప్పుకోవడం వేరు అన్న ఆ విభజన మాత్రం గద్వాల చెల్లెమ్మ బాధకు సరిగ్గా సరిపోతుంది.

న్యూటౌన్ టీచరమ్మ, మహబూబ్‌నగర్:

కెమెరా లేకపోతే నష్టమేమిటని గద్వాల కోడలు గారు అడిగారు కాబట్టి నష్టం ఏమిటో చెబుతాను. మన పాలమూరు ఊళ్లల్లో అరవై డెబ్బై ఏండ్లు బతికిన ఆడమనిషి చనిపోతే, దశదిన కర్మ నాటికి పటం కట్టించడానికి ఇంట్లో ఫొటో దొరకదు. ఉన్నదొక్కటే ఓటరు కార్డు మీదిది, అదీ గోరంత, కండ్లు సగం మూసుకొని ఉంటుంది. స్టూడియో అతను ఆ ముఖాన్ని పెద్దది చేసి, ఎవరిదో చీర కట్టించి, వెనుక నీలం తెర పెట్టి ఇస్తాడు. ఆమె జీవితంలో ఎన్నడూ కట్టని చీరలో ఆమె పటం గోడకు ఎక్కుతుంది. బతుకుదెరువుకు ముంబై, పుణె పట్టిపోయిన ఇండ్లల్లో పరిస్థితి ఇంకా కష్టం. నానమ్మ ముఖం తెలియకుండానే పెరిగిన పిల్లలు నా తరగతిలో చదివారు. ఆ పెద్దమ్మను పక్కకు జరగమన్న పిల్లవాడిని మందలించి, ఆమెను బిడ్డ పక్కన కూర్చోబెట్టి మొదటి ఫొటో తీయవలసింది పోయి, కెమెరానే బయటపెట్టమంటే ఆమెకు మళ్లీ అన్యాయమే జరుగుతుంది.

ఎవరు తీస్తున్నారన్నది కూడా ఇందులో చిన్న విషయమేమీ కాదు. మన మహబూబ్‌నగర్‌కు ఏ మహబూబ్ అలీఖాన్ పేరు పెట్టారో, ఆ ఆరవ నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్. పరదా పాటించే స్త్రీలు మగవాళ్ల ముందుకు రారు కాబట్టి, 1892లో ఆయన హైదరాబాదులో స్త్రీల కోసమే వేరుగా జెనానా స్టూడియో తెరిచి, కెమెరాను ఒక స్త్రీ చేతికి అప్పగించారు. ఆనాటి పరదా ఈనాడు మనకు లేదు గాని, ఒడిబియ్యం దగ్గరగాని, బాలింత చుట్టూ కూర్చున్నప్పుడుగాని, ఇంటి ఆడపిల్ల చేతిలో ఉన్న ఫోనుకు, తెలియని ఫొటోగ్రాఫరు చేతిలో ఉన్న కెమెరాకు ఆడవాళ్ల ముఖాలు ఒకే విధంగా ఉండవు. కాబట్టి మేనల్లుడికన్నా మేనకోడలే మేలు.

గద్వాల కోడలు:

టీచరమ్మ గారి మాటలో ఓటరు కార్డు సంగతి కాదనలేనిది. అయితే నానమ్మ ముఖం మిగలాలంటే ఒక మంచి ఫొటో కావాలి, మూడు వందలు కాదు. ఆ మూడు వందల్లోనూ వంటింట్లో పొయ్యి దగ్గర ఉన్న కోడండ్లు ఎక్కడా ఉండరని కూడా చూసుకోండి.

పెండ్లి కెమెరా, దేవరకొండ:

వంటింటి మాట నిజం. మాకు డబ్బు ఇచ్చేవాళ్లు ఎన్నడూ అటువైపు తీయమని చెప్పరు, మేమూ పోము. తినేటప్పుడు తీయకూడదన్నది కూడా ఒప్పుకుంటున్నాను; బంతిలో తీసిన ఫొటోను ప్రింటు వేయించమని అడిగినవాళ్లను నేను చూడలేదు. అడిగి తీయడం గురించి మాత్రం నా అభిప్రాయం మారలేదు.

పంపడంలో ఇంకొక చిక్కున్నది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోయి ప్రింటుకు పనికిరాదు. పుణె అబ్బాయికి డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫొటో అట్లాగే పోతుంది గాని, ఫోను కెమెరాలో లొకేషన్ పెట్టి ఉంటే మీ ఇంటి స్థలం వివరం కూడా దానితోపాటే పోతుంది. కొడుక్కు పోతే ఇబ్బంది లేదు; అదే ఫైలును నగలతో ఉన్న ఆడవాళ్ల ఫొటోగా గ్రూపులో వేస్తే ఎక్కడికి పోతుందో చెప్పలేము. తీయకముందే లొకేషన్ ఆపేయండి.

రామగిరి వాసి, నల్లగొండ:

అందరికీ నమస్కారాలు. మా తమ్ముడికి ఈ చర్చంతా చదివి వినిపించాను. భోజనాల దగ్గర ఫోను ఎత్తకూడదని, స్టేటస్ పెట్టకూడదని, ఎవరి ఫొటో వాళ్లకే పంపాలని అంటే అతను తీయడానికి ఒప్పుకున్నాడు. మా మేనకోడలు తీస్తుంది. తొట్టెలలో బిడ్డను వేసేటప్పుడు పుణెకు వీడియో కాల్ కలుపుతాము కాబట్టి, జరిగిన ప్రతి పనినీ తీయవలసిన అవసరమూ తగ్గుతుంది. వడ్డన అయిన తర్వాత పొయ్యి దగ్గరి ఆడవాళ్లనందరినీ పైకి పిలిచి ఒక ఫొటో తీయమని మా ఇంటావిడ చెప్పింది.

ఒక్క ప్రశ్న మిగిలింది. మేము స్టేటస్ పెట్టకపోయినా, వచ్చిన చుట్టాలు ఎవరి ఫోన్లతో వాళ్లు తీసి స్టేటస్ పెట్టుకుంటే ఏం చేయాలి?

కందనూలు వకీలు:

ఇంటివాళ్లుగా అడగవచ్చు, ఆపలేరు. పిలుపు చెప్పేటప్పుడే పెద్దల చేత ఒక మాట అనిపించండి. మన వైపు కార్డు మీద అచ్చువేసిన దానికన్నా పెద్దమనిషి నోటిమాటకే విలువ ఎక్కువ.

గద్వాల కోడలు:

అడిగినా కొందరు పెడతారు. అప్పుడు కనీసం అది ఇంటివాళ్ల పని కాదని పిలుపు అందని తోటికోడలికి చెప్పుకోవచ్చు. ఆమెను పిలిచి ఉంటే ఆ బాధే ఉండదన్నది వేరే చర్చ.

పెండ్లి కెమెరా, దేవరకొండ:

మేడమీద షామియానా అన్నారు కదా. ఎరుపు, పసుపు గుడ్డ ఉన్నది తెస్తే మధ్యాహ్నం ఎండ దానిలోంచి దిగి కింద ఉన్న అందరి ముఖాలూ ఎర్రబడతాయి, ఆ రంగును తర్వాత ఏ యాప్ కూడా పూర్తిగా తీయలేదు. టెంట్‌హౌస్ అతన్ని తెల్ల గుడ్డదే తెమ్మనండి.

రామగిరి వాసి, నల్లగొండ:

తెల్లది దినాలకు వేస్తారని మా ఇంటావిడ వద్దంటున్నది. లేత పసుపుకు ఒప్పించే ప్రయత్నం చేస్తాను.