స్లాబ్ కాలాక రాడ్లు పనికొస్తాయా, పోయినట్టేనా?

ఎల్బీనగర్_ఓనర్: గ్రౌండ్ ఫ్లోర్‌లో పరుపుల షాపు పోయిన నెల కాలిపోయింది, మూడు గంటల పైనే మండింది. స్లాబ్ కింద పెచ్చులూడి రాడ్లు బయటపడ్డయి. మేస్త్రీ ఏమో ఇనుము కాలితే ఏమైతది, కమ్మరాయన రోజూ కాలుస్తలేడా, ప్లాస్టరింగ్ చేసేద్దాం అంటుండు, మా బామ్మర్ది కూల్చెయ్ అంటుండు. ఏం చెయ్యాలె?

సైట్‌ఇంజనీర్: మేస్త్రీ చెప్పింది సగం నిజమే అన్నా. 550-600 డిగ్రీల వేడిలో స్టీలు బలం సగానికి పడిపోద్ది కానీ చల్లారాక చాలావరకు తిరిగొస్తుంది. కాంక్రీటుకి ఆ అదృష్టం లేదు, 300 దాటాక పోయింది పోయినట్టే. ముందు కాంక్రీటు సంగతి చూడండి.

స్టీల్‌బాబాయ్: నేనొప్పుకోను. ఇప్పుడు వాడేదంతా టీఎంటీ, దాని బలంలో పెద్ద వాటా పై పొరదే, మిల్లులో ఎర్రగా ఉన్న రాడ్డు మీద నీళ్లు కొట్టి గట్టిపరిచిన పొర అది, 600 దాటి కాసేపు అలాగే ఉంటే మెత్తబడుద్ది, చల్లారినా మళ్లీ రాదు. పాత మెలితిప్పిన రాడ్లయితే 450 నుంచే నష్టం. 2023 జనవరిలో సికింద్రాబాద్ మినిస్టర్స్ రోడ్డులో కాలిపోయిన డెక్కన్ మాల్ ఏమైందో చూశాం కదా, చివరికి కూల్చేశారు.

సైట్‌ఇంజనీర్: దానికీ దీనికీ పోలికేంటి బాబాయ్, అక్కడ లోపల స్లాబులే కూలాయి. అసలు పెచ్చు ఎప్పుడూడింది అన్నది ముఖ్యం. ఊడిన చోట మసి లేకుండా తెల్లగా ఉంటే ఆఖర్లో, ఫైరింజన్ నీళ్లు పడ్డాక ఊడి ఉండొచ్చు, అంటే అప్పటిదాకా కవర్, అదే రాడ్డు మీదుండే కాంక్రీటు పొర, రాడ్డుని కాచినట్టే. కోర్, అంటే స్లాబులోంచి గుండ్రటి కాంక్రీటు ముక్క, డ్రిల్లుతో తీసి గులాబీ రంగు ఎంత లోతుకి పోయిందో చూడాలి, అది 300 దాటిన గుర్తు. కాకపోతే మన కంకరే ఒక్కోసారి గులాబీగా ఉంటుంది, అందుకే కాలని గదిలోంచి కూడా ఒక కోర్ తీసి పక్కపక్కన పెట్టి చూడండి.

స్టీల్‌బాబాయ్: రంగులు చూసి రాడ్డు బలం చెప్తావా? బాగా కాలిన చోట రెండు ముక్కలు, కాలని చోట ఒకటి కోసి ల్యాబ్‌లో లాగించాలి, ఎఫ్‌ఈ 500 రకం రాడ్డయితే ఈల్డ్, అంటే రాడ్డు శాశ్వతంగా సాగడం మొదలయ్యే బలం, 500 మెగాపాస్కల్ రావాలి. కోసే ముందు స్లాబ్ కింద ఆనుగా జాకీలు పెట్టాలి, కోసిన చోట కొత్త రాడ్డుని పాతదాని పక్కన కొంత పొడవు కలిపి కట్టి ల్యాప్ ఇవ్వాలి. కిందికి వంగిపోయిన రాడ్డుకైతే టెస్టే అక్కర్లేదు, మార్చాల్సిందే.

సైట్‌ఇంజనీర్: సరే, వంగినవాటి దగ్గర వాదన లేదు. మిగతావి మార్చాలని మాత్రం రిపోర్ట్ రాకుండా నేననను.

ఎల్బీనగర్_ఓనర్: ఇప్పుడే పోయి చూసిన, మధ్య బేలో, అంటే నడుమ దూలాల మధ్య స్లాబులో, మూడు రాడ్లు ఉయ్యాలలెక్క వంగినయి. మేస్త్రీ పొద్దుగాలనే సిమెంటు కలిపిండు, ఆపిచ్చిన. జాకీలు రేపొస్తయి.