అయిదు అచ్చులూ ఉన్న ఇంగ్లీషు మాటలు కావాలి

పర్లాకిమిడి నుంచి: మా పాపను ఎ, ఇ, ఐ, ఓ, యు అయిదూ ఉన్న మాటలు పది రాసుకురమ్మన్నారు. రాత్రి కరెంటు లేదు, కొవ్వొత్తి సగం కరిగాక ‘ఎడ్యుకేషన్’ ఒక్కటే తట్టింది. పాపేమో నిద్రపోయింది, నాకు నిద్ర పట్టట్లేదు!

రాయగడ: ఈక్వేషన్. డైలాగ్ కూడా, కానీ చివర యు, ఇ ఉండే స్పెల్లింగే రాయించండి. కంప్యూటర్‌లో కనిపించే పొట్టి స్పెల్లింగ్‌లో ఆ రెండూ ఎగిరిపోతాయి.

బరంపురం: చెవితో వెతక్కు అన్నా, కంటితో వెతుకు. చివర ‘షన్’ ఉంటే ఐ, ఓ దాదాపు వచ్చేసినట్టే. రెగ్యులేషన్ సరిపోతుంది. పాపులేషన్ రాసేవు, అందులో ఇ లేదు. నేనూ బోల్తాపడ్డాను.

గుణుపురం: సీక్వోయా (sequoia), ఒక చెట్టు పేరు. ఏడక్షరాల్లోనే అయిదూ. ఫసీషస్ (facetious, అంటే వేళాకోళపు)‌లో అయితే ఎ నుంచి యు దాకా వరసగానే వస్తాయి.

పర్లాకిమిడి నుంచి: ఆరయ్యాయి. నాలుగు పాపకే వదిలేశా.